విలంబితవృత్తి: ఆముక్తమాల్యదయందలి యాతిథ్యప్రకరణము

వ్యాకరణము చదివినవారికి ద్రుతము, మధ్యమము, విలంబితము నను మూఁడు వృత్తులు సుపరిచితములు. పాణినీయమునందలి తపరసూత్రమును (1-1-70) విచారించుచు మహాభాష్యకారుఁడు వీనిని ప్రస్తావించెను. ద్రుతవృత్తిలోఁ బలికిన వర్ణముకంటె మధ్యమవృత్తిలోఁ బలికినదానికిఁ గాలము మూఁడవవంతు హెచ్చు. మధ్యమముకంటె విలంబితమునకు మఱి మూఁడవవంతు హెచ్చు. అనఁగా మొదటిది 9 పాళ్లైనచో రెండవది 12, మూఁడవది 16. ఐనను వర్ణ మొక్కటియే. అకారమును మెల్లగాఁ బలికినంతమాత్రమున నది యాకారము కాదు. భేరిని మ్రోఁగింపఁగా నొక నాదము ఇరువది యడుగులు, మఱియొకటి ముప్పది, వేఱొకటి నలువది యడుగులు పోవును. పెరిగినది ధ్వనియే కాని స్ఫోటము కాదని భాష్యసిద్ధాంతము.

ఇంతవఱకు శాస్త్రవిషయము. ఈ మూఁడు వృత్తులకును బ్రయోజనములను శిక్షాప్రాతిశాఖ్యకారులు చెప్పిరి. తన యభ్యాసమునకు ద్రుతము, కర్మప్రయోగమునకు మధ్యమము, శిష్యుల కుపదేశించునపుడు విలంబితము. ముప్పదియేండ్లుగా నీ మాటను బాఠము చెప్పుచున్నాను గాని యిందలి విశేషమును జాలకాలము గమనింపనైతిని. తనకొఱకైనచో ద్రుతము చాలును. విలంబితమున కవసరము గలుగుట యెదుట నొకఁ డున్నపుడే. వినువాఁ డందుకొనువఱకుఁ బలుకువాఁడు నిలిచియుండుట యే విలంబితవృత్తి. కావున నది మాంద్యము కాదు, ఆలస్యము కాదు; తన కాలమును నెదుటివాని కొలఁదికిఁ గొలుచుట. ఈ వ్యాసమున నేను చెప్పఁబూనినది యేమనఁగా, ఈ వృత్తి యుచ్చారణమునకే పరిమితము కాదనియు, మన ప్రబంధములలో నొకదానియందు భక్తికి లక్షణముగా నిలిచినదనియు. ఆ ప్రబంధ మాముక్తమాల్యద.

శ్రీకృష్ణదేవరాయల (రాజ్యకాలము 1509-1529) యీ కావ్యమునకు విష్ణుచిత్తీయ మని నామాంతరము గలదు. ఆఱాశ్వాసముల గ్రంథమున నాయిక యగు గోదాదేవి పంచమాశ్వాసమునఁ గాని కనఁబడదు. అంతకుముందే శ్రీవిల్లిపుత్తూరి వర్ణనము, విష్ణుచిత్తుని నిత్యకృత్యము, ఋతువర్ణనములు, పాండ్యరాజసభలోని వాదము మొదలగునవి విస్తారముగా నున్నవి. అందుచేఁ గొందఱు విమర్శకులు "ఈ కావ్యమునఁ గథ నడవదు" అని యాక్షేపింతురు. ప్రథమాశ్వాసాంతమున విష్ణుచిత్తుఁ డతిథుల కేయే కాలమున నేయే వంటకములు పెట్టెనో చెప్పు పద్యములమీఁద నీ యాక్షేపము మఱింత తీవ్రము. ఇవి రాజుగారి వంటశాలను జూపుచున్నవే కాని భక్తుని హృదయమును జూపుటలేదని వారి తలంపు.

ఈ పూర్వపక్షమును నేనితరులమీఁద నారోపించుటలేదు. నేనును నొకప్పు డట్లే చెప్పితిని. ఇరువదియేండ్ల క్రిందట నొక సభలో నుపన్యసించుచు నీ పద్యములు భక్తికథ కలంకారమాత్రము లనియు, ప్రధానమునకు వెంట వచ్చిన ప్రాసంగికము లనియు నిశ్చయముగాఁ బలికితిని. ఆ మాటను నేఁ డుపసంహరించుకొనవలసియున్నది. ఉపసంహారమునకుఁ గారణములు చెప్పుట నా విధి గావున వానిని వరుసగా వ్రాయుచున్నాను.

మొదట ఋతుభోజనపద్యములను జూతము. వర్షాకాలమున నాకాశము నీటిబుగ్గవలె నెడతెగక కురియుచుండఁగా నతిథులకు వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని యంబళ్లు, చెఱకురసము, లేఁగొబ్బరి నీళ్లు, పండ్లు, పరిమళించు చల్లని నీరు, ఊరిన మామిడిపిందెలు, మజ్జిగ. చలికాలమునఁ గ్రొత్తబియ్యపు టన్నము, మిరియపుఁ బొడితో వేఁడివేఁడిగా నున్న కూరలు, ముక్కుదిబ్బడను వదలించు నావపచ్చళ్లు, పాయసాన్నము, ఊరుఁగాయలు, చేయి చుఱుక్కుమను నేయి, పాలు.

ఈ జాబితాలో రాజభోగ మేది? మామిడిపిందెయు, మజ్జిగయు, నంబలియు రాజుల వంటశాల కెక్కిన పదార్థములు కావు. వరుగులును వడియములును ఎండలు కాయుచుండఁగనే యెండఁబెట్టి దాఁచిన వస్తువులు. వానలలో వచ్చు నతిథి వైశాఖమాసముననే యా యింటివారి మనస్సులో నున్నాఁడన్నమాట. వచ్చినపిమ్మట నాదరించుట యందఱును జేయుదురు. రాకముందే వానికొఱకుఁ గాలమును గేటాయించుట విశేషము. ఇంక నొక చిన్న విషయము. వానకాలమునఁ గట్టెలు తడిసి పొగలు గ్రమ్మును. విష్ణుచిత్తుని యింట నట్లు భార్యకన్నులలోఁ బొగ సోఁకకుండుటకై యెండిన కొబ్బరిబొండముల చెక్కలతో వంట చేయింతురని కవి పద్యారంభముననే చెప్పెను. కూరల పేళ్లకు ముందు వండునామె కన్నులు చెప్పఁబడినవి. కేవలము వస్తుసమృద్ధిని జూపఁగోరిన కవి యీ మాటతో మొదలు పెట్టఁడు. పొయ్యికడ నొకమాఱైన నిలిచి చూచినవాఁడే పొగను గుఱించి వ్రాయును.

రెండవది, ఈ విచారమునకుఁ బ్రాణమైనది, నడురేయి పద్యము. శార్దూలవృత్తము. విష్ణుచిత్తుని యింటికడ నడురేయి చెవియొగ్గి యాలించినచో మూఁడు ధ్వనులు వినఁబడునని కవి యనును. శేషశాయి పుణ్యకథ లొకటి. దివ్యప్రబంధానుసంధానపు మ్రోఁత రెండవది. మూఁడవది గృహస్థుఁ డతిథులతోఁ బలుకు మాటలు: కూరలు చాల లేవు, వేఁడిగా లేదు, పిండివంటలు లేవు, అన్నమును శ్రేష్ఠమైనది కాదు, దయతో భుజింపవలయును, అని. ఈ మూఁడవది సంస్కృతమున నున్నది. నానాదేశములనుండి వచ్చు యాత్రికులకు గృహస్థుని దేశభాష తెలియకపోవచ్చును; అందఱికిఁ దెలిసిన భాషలో నతఁడు పలికెనని యూహించుట యుచితము. తన భాషను విడిచి యతిథిభాషలోనికి వచ్చుట కూడ నాతిథ్యములో నొక భాగమే.

ఇచట నా పూర్వోపన్యాసములోని దోషమును జూపెదను. చకారమున కర్థములు నాలుగు: సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము. ద్వంద్వసమాసవిధాయకసూత్రము (2-2-29) కడ నీ విభాగము ప్రసిద్ధము. భిక్షకుఁ బొమ్మని వటువును బంపుచు, దారిలోఁ గనఁబడినచో నావును గూడఁ దోలుకొని రమ్మని చెప్పుట యన్వాచయమునకు దృష్టాంతము. భిక్ష ప్రధానము, ఆవు కనఁబడిన సరి, లేకున్న సరి. పరస్పరనిరపేక్షములై, ప్రధానాప్రధానభావము లేక, యొక్క క్రియలో నన్వయించినచో నది సముచ్చయము. హరికథయు దివ్యప్రబంధమును బ్రధానములు, భోజనపు మాటలు వెంట వచ్చిన యావు అని నేను బూర్వము వ్యాఖ్యానించితిని. అనఁగా నన్వాచయమును జెప్పితిని. పద్యము దాని కవకాశ మీయదు. మూఁటికిని సముచ్చయార్థకప్రత్యయ మొక్కటే. మూఁటికిని "మ్రోయు" నను క్రియ యొక్కటే. అందు మొదటి రెంటిని బ్రధానము చేసి మూఁడవదానిని దిగద్రోయు శబ్దమేదియు లేదు. పైఁగా మొదటి రెండును బేళ్లతో సూచింపఁబడినవి. మూఁడవది మాటలతోడనే వినిపింపఁబడినది. దేవునితోఁ బలికిన పలుకును, ఆకొన్నవానితోఁ బలికిన పలుకును నొక్క నాదముగా నడురేయి వినఁబడినదని కవి హృదయము. ఆ రెంటికి నంతరము చెప్పినవాఁడను నేను, కవి కాఁడు.

ఇంకొక విశేష మున్నది. ఆ గృహస్థుని పలుకులో "నాస్తి" యను పదము నాలుగుసార్లు వచ్చినది. అస్తి నాస్తి దిష్ట శబ్దములపైఁ బ్రత్యయము విధించు సూత్రముచేత (4-4-60) ఆస్తిక నాస్తిక దైష్టిక శబ్దములు సిద్ధించును. ఉన్నదను బుద్ధి గలవాఁ డాస్తికుఁడు, లేదను బుద్ధి గలవాఁడు నాస్తికుఁడు. పరలోకవిషయమున నని వ్యాఖ్యాతల వివరణము. ఇఁక నాలుగుసార్లు నాస్తి యన్నవానిని రాయలు పరమాస్తికునిగా నిలిపెను. ఇది విరోధముగాఁ దోఁచును. విచారింప విరోధము లేదు. తన యింటి వస్తువు విషయమున నతఁడు నాస్తి యనెను. ఎదుట నున్న మనుష్యుని విషయమున నస్తి యనెను. తనయొద్ద నున్నదానిని దక్కువగాఁ జూచి, వచ్చినవానిని నిండుగాఁ జూచుట యాస్తిక్యము కాక మఱేమి? కనఁబడని పరలోక మున్నదని నమ్ముట కష్టమే. కన్నులయెదుటఁ గూర్చున్నవాఁ డున్నాఁడని యెఱుఁగుట యంతకంటెఁ గష్టము. మన మాతనియెదుటఁ గూర్చుండియు వేఱొక పనిని దలంచుచుందుము గదా.

ఉన్నదానిని లేదనుట యసత్యము కాదా యని శంక. సమాధానము రెండు విధములు. నడురేయి వచ్చినవానికి వేఁడి లేదనుట యథార్థమే కావచ్చును. ప్రొయ్యి చల్లారిన వేళ యది. ఇదిగాక, లేదనుటలో నతఁడు గొలుచునది తన భాండాగారమును గాదు, అతిథి యర్హతను. ఆ యర్హతకుఁ జాలినంత యే గృహస్థుని యింటను లేదు.

శుశ్రూషాశబ్దము కూడ నిట్టిదే. శ్రు ధాతువుపై సన్ప్రత్యయము. వినఁగోరుట యని యవయవార్థము. సేవ యని రూఢ్యర్థము. ఈ రెంటికి నడుమ దారి యేది? సేవ చేయువాఁడు మొదటఁ జేతులతోఁ గాక చెవితో సేవ చేయునని నాకుఁ దోఁచుచున్నది. సన్నంతమగు నీ ధాతువున కాత్మనేపదము సూత్రబలమున (1-3-57) వచ్చినది. దానినుండి ఫలము సేవకునికే చేరునని యర్థము లాగుట శాస్త్రసమ్మతము కాదు గావున లాగను. అవయవార్థమే చాలును. రాయలును నడురేయి పద్యమున "ఆలించినన్" అని పాఠకునికి షరతు పెట్టెను. ఆలింపనివానికి విష్ణుచిత్తుని యిల్లు నిశ్శబ్దము.

ఈ దృష్టితోఁ గావ్యమును జదివినచోఁ గథ నడవదను నాక్షేపమునకు వేఱొక సమాధానము దొరకును. ఈ కావ్యమున ముఖ్యఘట్టము లన్నియు నొకఁడు నిలిచిపోవుటచేత జరుగుచున్నవి. ద్వితీయాశ్వాసమునఁ బాండ్యరాజు మత్స్యధ్వజుఁడు రాత్రివేళ భోగినీగృహమునకుఁ బోవుచుండును. దారిలో నొక యింటి యరుఁగుపైఁ బండుకొన్న పరదేశి బ్రాహ్మణుఁడు సుభాషితము చదువును: వానకాలమునకై మిగిలిన మాసములందును, రాత్రికై పగటియందును, వార్ధకమునకై యౌవనమందును, పరమునకై యిహమునందును యత్నింపవలయు నని దాని భావము. రాజు నిలిచి వినెను. ఆ నిలుకడ లేనిచోఁ బరతత్త్వనిర్ణయసభ లేదు, విష్ణుచిత్తుఁడు మధురకుఁ బోవుట లేదు, కావ్యములో సగము లేదు. ఆ సభకుఁ బొమ్మని స్వామి యాజ్ఞాపింపఁగా విష్ణుచిత్తుఁడు తాను శాస్త్రము చదువనివాఁడ ననియుఁ, దోఁట త్రవ్వి చేతులు కాయలు గాచినవాఁడ ననియు విన్నవించుకొనెను. అట్టివాఁడు పండితుల గెలిచెను. పండితుల మగు మన మీ ఘట్టమును భగవన్మహిమ యని దాఁటిపోవుదుము. మహిమ నిజమే, కాని దానికిఁ బాత్రముగా నేర్పడినది యా కాయలు గాచిన చేయి, నడురేయి యన్నము పెట్టిన చేయి.

ఆఱవ యాశ్వాసమునందలి మాలదాసరి కథ యీ ధర్మమునకుఁ బరాకాష్ఠ. స్వామిసన్నిధిని బాడుటకై పోవుచు నొకరాత్రి దారి తప్పి యతఁడు కుంభజానుఁ డను బ్రహ్మరాక్షసునికిఁ జిక్కెను. పాడి తిరిగి వత్తునని ప్రమాణము చేసి విడిపించుకొనిపోయి, పాడి, యన్నమాటకుఁ దిరిగి వచ్చెను. ఇంతవఱకు సత్యవ్రతము, గోవ్యాఘ్రకథ మొదలగువానియందును నిట్టిది గలదు. రాయల దాసరియందు నేను విశేషముగా నెంచునది తరువాతిది. తన్నుఁ దినఁబోయినవాఁడు పాటఫలము నిమ్మని ప్రాధేయపడఁగా నతఁడు వాని పూర్వకథను వినెను. ప్రాణము దక్కినవాఁడు పరుగెత్తవలసిన తావున నిలిచి వినెను. రాక్షసుఁడు రాక్షసత్వమును విడుచుట యా పాటఫలముచేత నని కథ. ఆ ఫల మీయఁబడుట కంతకుముందు వినుట యొకటి జరిగినది. ఇదియే శుశ్రూష.

ఇచట మఱియొక శంక. పోతనామాత్యుని గజేంద్రమోక్షమున హరి త్వరపడెను గదా. లక్ష్మితోఁ జెప్పక, యాయుధములు గైకొనక, కట్టుకొంగైనను విడువక పరుగిడెను. భక్తికి విలంబితమే లక్షణమైనచో నచట నవ్యాప్తి కలుగదా? కలుగదు. విలంబిత మనఁగా నడక మెల్లనగుట యని నేననలేదు. ఎదుటివాని కొలఁదికిఁ గాలమును గొలుచుట యంటిని. మకరముచేఁ జిక్కినవాని కొలఁది క్షణము. ఆకొని వచ్చి కూర్చున్నవాని కొలఁది రాత్రి యంతయు. వైకుంఠమున హరి విడిచినది తన పనిని. విల్లిపుత్తూరిలో విష్ణుచిత్తుఁడు విడిచినది తన నిద్రను. రెంటను గొలత యెదుటివానిదే. తన తొందరకుఁ బరుగెత్తుటయు, తన సోమరితనమునకు మెల్లగా నడచుటయు రెండును దీనికి దూరములు.

గుణములు చెప్పి దోషములు చెప్పకపోవుట విమర్శకు లోపము. విష్ణుచిత్తుని యాతిథ్యములో వండునామె కన్నులను గవి తలఁచెను గాని యామె పలుకొక్కటియు నడురేయి ధ్వనులలో వినిపింపలేదు. ఆలించినచో నామె గాజుల చప్పుడును వినఁబడవలసినదే. అట్లే మాలదాసరి యెంత పరమభక్తుఁడైనను గుడివెలుపల నిలిచియే పాడవలసివచ్చెను. రాక్షసుని చేరఁబిలిచి వినినవానిని, లోపలికిఁ బిలిచి వినినవాఁ డొక్కఁడును గనఁబడఁడు. ఇది కవి కాలపు లోకరీతి యని సరిపెట్టుకొనవచ్చును. కాని దాసరిని వెలుపల నిలిపి, వాని పాటనే రాక్షసుని తరింపఁజేయుదానినిగా నిలిపిన కవి యా లోకరీతిని బాఠకుని కన్నులయెదుట నుంచినట్లే యున్నాఁడు. దానిని జూచి సిగ్గుపడుట మన వంతు. ఇందు నా యభిప్రాయమును నిర్బంధింపను. పెద్దలు విచారింతురు గాక.

తుదకు నా మతము మాఱుటకు గ్రంథవిచార మొక్కటియే కారణము కాదని యొప్పుకొనవలయును. కొన్నియేండ్ల క్రిందట నొక శిష్యుని వివాహమునకై గ్రామాంతరము పోవుచుండఁగా దారిలో బస్సు చెడి, యాతని యింటికి నేను జేరునప్పటికి నడురేయి దాఁటినది. అందఱును నిద్రించుచుండిరి. ఆ శిష్యుని పితామహి, యెనుబదియేండ్లది, లేచి ప్రొయ్యి వెలిగించినది. వలదంటిని, వినలేదు. "ఏమీ లేదు నాయనా, కూర చల్లారిపోయింది, ఏదో ఇంత తిను" అన్నది. నేను నిద్రమత్తులోఁ ద్వరత్వరగాఁ దినుచుంటిని. ఆమె విసనకఱ్ఱ పట్టుకొని యెదురుగాఁ గూర్చుండి "తొందరేమి నాయనా, మెల్లగా తిను, నేను కూర్చున్నానుగా" అన్నది. నేను లేచువఱకుఁ గూర్చుండియే యున్నది. నా ప్రయాణమును, నా పిల్లలను, నా తల్లిని గుఱించి యడిగినది, చెప్పినదంతయు విన్నది.

ఆమెకు చదువు లేదు. ఆముక్తమాల్యద పేరు వినియుండదు. ఆ పద్యమును నేను నూఱుమాఱులు చదివియుంటిని. ఛందస్సు చెప్పియుంటిని, మణిప్రవాళరచన యని చెప్పియుంటిని, విభక్తులు విడఁదీసియుంటిని. ఐనను దాని యర్థము నా కా రాత్రి విస్తరియెదుటఁ దెలిసినది. ఆమె మాటలో విష్ణుచిత్తుని నాస్తిశబ్దములు రెండింటిని నేను గుర్తుపట్టితిని. సభలో నేను జెప్పిన యన్వాచయము సిగ్గువలె జ్ఞప్తికి వచ్చినది. నేనన్నము తినుచుండఁగా నామె జపము మానుకొనలేదు. అదియే జపముగాఁ జేయుచుండెను.

పాఠశాలలలో నీ పద్యమును జెప్పు పండితమిత్రులకు నా విన్నప మొక్కటి. అలంకారమును ఛందస్సును జెప్పవలసినదే; పరీక్షకు నవి కావలయును. ఆపిమ్మటఁ బద్యమును మఱియొకమాఱు విలంబితవృత్తిలోఁ జదివి, ఒక్క నిమిషము మాటలాడక యూరకుండుఁడు. శిక్షాకారులు శిష్యులకు విధించిన వృత్తి యదియే. బాలురలో నొకఁడైన నేదో యడుగును. అతఁ డడిగినది ప్రకరణమునకుఁ జెందనిదైనను గంట మ్రోఁగువఱకు వినుఁడు. నేను చాలమంది ప్రశ్నలను గంటకు ముందే త్రుంచివేసినవాఁడను గావున నీ మాటను జెప్పుటకు నా కధికారము తక్కువ. అనుభవము మాత్రము గలదు.